నా వెనక నిలబడిన నాయన

తిరుపతిలో నేనుండే అద్దె ఇంటి పెరట్లో, కుళాయి పక్కన ఒక మట్టికుండ ఉంది. తుప్పు పట్టిన మేకులూ తాటిబెల్లమూ వేసి, నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి మూడు వారాలైంది. ఇవాళ పొద్దున గుడ్డ విప్పగానే పులిసిన బెల్లం వాసన, దాని వెనకే ఇనుము వాసన గుప్పుమన్నాయి. గోడ మీద నుంచి తొంగిచూసిన పక్కింటావిడ చెంగుతో ముక్కు మూసుకుంది. నాకు మాత్రం అది మా ఇంటి వాసన. శ్రీకాళహస్తిలో మా ఇంటి తలుపు తీస్తే ముందుగా ఎదురొచ్చేది ఈ వాసనే, మనుషులు ఆ తర్వాతే.

నాయన కలంకారీ పని చేసేవాడు. డెబ్బైల చివరి రోజులవి. చలికాలపు ఎండలో కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచిన బట్టలు పెరడంతా ఆరుతుండేవి. పాలవాసనకు చేరిన ఈగలను తోలుతూ, ఒడిలో కాల్చిన చెనక్కాయలు పెట్టుకుని, వొలిచిన పొట్టు బట్ట మీద పడకుండా చూసుకుంటూ అవ్వ గోడనీడలో కూర్చునేది. వానలు పడి స్వర్ణముఖిలో నీళ్లు పారితే అందరం బట్టల మూటలతో ఏటికి పోయేవాళ్లం. మోకాటి లోతు నీళ్లలో బట్ట పరిచి పట్టుకుంటే, అక్కర్లేని రంగంతా కొట్టుకుపోయి గీసిన బొమ్మ తేటపడేది. మధ్యాహ్నం ఇసుకలో కూర్చుని సంగటి, ఊరిబిండి పచ్చడి తినేవాళ్లం. పంటికింద ఇసుక కరకరలాడినా ఆ రుచి మళ్లీ నాకెక్కడా దొరకలేదు.

మేమిద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, రాజి నాకంటే రెండేళ్లు చిన్నది. గచ్చకాయలాడేటప్పుడు చుట్టూ పదిమంది చేరితే రాజి చెయ్యి గాలిలో ఆడేది, ఒక్క కాయ జారేది కాదు. ఎవరూ లేకపోతే రెండు ఆటలకే విసుగొచ్చి లేచిపోయేది. నేను బావిగట్టు మీద ఒంటరిగా గంటలకొద్దీ ఆడేదాన్ని. ఎవరైనా వచ్చి నిలబడితే కాయలు ఒళ్లో పోసుకుని ఊరుకునేదాన్ని. అవ్వ మా ఇద్దరినీ చూసి నవ్వేది. “సిన్నమ్మిని మెచ్చుకుంటే కొండైనా తవ్వతాది. పెద్దమ్మిని మెచ్చుకుంటే పోయి గాదె వెనక దాక్కుంటాది” అనేది. ఆమె చదువుకోలేదు గానీ మనుషుల తీరు ఆమెకు తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మా పనిలో పిల్లలు ముందు పటిక పూయడం, తర్వాత రంగులు నింపడం నేర్చుకుంటారు. నల్లగీత చివరిది. వెదురుపుల్ల మొన చెక్కి, దాని నడుముకు ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తే కలమవుతుంది. మేకులూ బెల్లమూ పులిసిన కుండలోని నీళ్లలో ముంచి, ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీయాలి. గీసినప్పుడు లేతగా ఉంటుంది, చూస్తుండగానే నలుపు తిరుగుతుంది, ఇక ఏం చేసినా పోదు. ఒక బట్ట మీద రెండు చేతుల గీత కనపడకూడదని నాయన పట్టుదల. అంటే ఆయన తర్వాత మా ఇంట్లో కలం ఒక్కరిదే. నాకు ఆ కలం కావాలి. అన్నం కంటే ఎక్కువగా కావాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు శివరాత్రికి ఊరంతా జనం. పని చూద్దామని వచ్చిన యాత్రికులతో మా వసారా నిండిపోయింది. అందరి ముందూ నాయన నన్ను పిలిచి, నెమలి మెడ గీయమని కలం చేతికిచ్చి, నా వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి నా తలమీద తగులుతోంది. వేళ్లు బిగుసుకున్నాయి, ఉన్ని నలిగింది, చుక్క జారింది. అందరూ చూస్తుండగానే నెమలి మెడ మీద రూపాయి బిళ్లంత మచ్చ నల్లబడింది. నాయన తిట్టలేదు. కలం తీసి రాజికిచ్చాడు. అది జనాన్ని ఒకసారి కలయజూసి, నవ్వి, పక్క నెమలిని ఒక్క ఊపులో గీసేసింది. “నా బంగారుతల్లీ!” అన్నాడు నాయన. నేను పాలగిన్నెలు కడగడానికి వెళ్లిపోయాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఆ తర్వాత రెండేళ్లు, ఇంట్లోవాళ్లు బజారుకు పోయినప్పుడల్లా గాదె వెనక కూర్చుని, విరిగిన కలంతో చింపిగుడ్డల మీద గీశాను. నెమలి మెడలే, వందల కొద్దీ. అక్కడ నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పొయ్యిలో వేసేముందు ఒక్కొక్కటీ చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఒకనాడు ఏటిలో బట్ట చెరో కొసా పట్టుకుని ఉన్నప్పుడు నాయన ఉన్నట్టుండి అడిగాడు. “మే పెద్దమ్మీ, నీకు కలం మీద ఆశ ఉండాదా? ఉంటే సెప్పు. ఈ యేడు బట్ట నీకిస్తా, సిన్నమ్మి రంగులేసుకుంటాది.”

ఉందనే చెప్పాలనుకున్నాను. కానీ నన్ను అడగకుండానే ఆయనకు తెలియాలని నా పంతం. గాదె వెనక వెతికి ఉంటే నా విరిగిన కలం దొరికి తెలిసేది కదా అని రోషం.

“వద్దులే నాయనా” అన్నాను.

“సరే తల్లీ. కావాల్సినోళ్లయితే నోరు తెరిసి అడుగుతారులే” అన్నాడు, తేలికపడి. ఆయన దృష్టిలో అందరూ రాజి లాంటివాళ్లే. నేనూ ఆయనకు ఇంకో దారి చూపలేదు.

పెళ్లిళ్లయ్యాక రాజి పుత్తూరు నుంచి వచ్చిపోతూ నాయన బతికున్నన్నాళ్లూ గీసింది, పేరూ తెచ్చుకుంది. నాయన పోయిన ఏడాదికే మానేసింది. ఎందుకని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. “బాగుండాదని అనేదానికి నాయన లేడు గదక్కా. ఉత్త ఇంట్లో నాకు సెయ్యే లేయదు” అంది. ఆ ఇల్లు అమ్మేశాం. ఇప్పుడక్కడ మందుల షాపుంది. స్వర్ణముఖిలో బట్ట పరిచేంత నీళ్లు ఏ ఏడాదికో గానీ రావు.

ఇవాళ తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, అయినా గడియ పెట్టాను, అదీ నా బుద్ధి. నెమలి మెడ ఒక్క ఊపులో వచ్చింది. లేతగా ఉన్న గీత నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను. మచ్చ లేదు, వంకర లేదు. వెనక్కి తిరిగి చూశాను. నాయన అక్కడ నిలబడి ఉంటే, చెయ్యి వణికి బట్టంతా పాడైపోయినా సరే, ఈసారి “కలం నాకు కావాలి నాయనా” అనే చెబుతాను.