చివరి గుడ్డముక్క పొడిగా రావాలి

ఈ ఉదయం గరాజ్ తలుపు సగానికి ఎత్తి, తుపాకీ తుడిచే సాల్వెంట్ సీసా మూత తీశాను. చల్లగాలిలో ఆ ఘాటు ముక్కుకి తగలగానే రాజుగారు పక్కన నిలబడి నా చేతులకేసి చూస్తున్నట్టే అనిపించింది. మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. భీమవరం మనిషి. కార్ల ఇంజన్లలో నూనె ఎలా పనిచేయాలో చూసే ఇంజనీరుగా రిటైరయ్యారు. ప్రతి నవంబరులో మావారితో కలిసి జింకల వేటకి వెళ్లేవారు. మావారు పోయిన మరుసటి వేసవిలో ఒకరోజు వచ్చి, బేస్‌మెంట్ అల్మారాలో ఉండిపోయిన ఆయన రైఫిల్ సంగతి అడిగారు.

“అమ్మేస్తారా, చూసుకుంటారా? ఏదైనా సరేనండి. పట్టించుకోని తుపాకీ మాత్రం ఇంట్లో ఉండకూడదు.”

మావారి చేతుల్లో బాగా అరిగిన వస్తువు అదొక్కటే. అమ్మడానికి మనసొప్పలేదు. చూసుకుంటానన్నాను.

నేను ఉద్యోగమంతా ఆడిట్ పనిలో గడిపినదాన్ని. పద్ధతిగా చెబితే పద్ధతిగా నేర్చుకుంటాను. ఆయన గరాజ్‌లో మొదటి పాఠం తుడవడం గురించి కాదు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. తూటాలుండే మ్యాగజైన్ తీసి, వెనకనుంచి మూసే బోల్ట్‌ని వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి, తర్వాత చిటికెన వేలితో తడమాలి. ఆయన చూసి నా చేతికిచ్చినా నేను మళ్లీ చూడాల్సిందే. మొదటిసారి మొహమాటపడ్డాను.

“మర్యాదలు భోజనాల దగ్గర చూసుకుందామండి. ఇక్కడ తప్పు కనబడితే చెప్పడానికి చిన్నా పెద్దా లేదు,” అన్నారు.

తర్వాతే తుడవడం. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డముక్కని కడ్డీతో బ్యారెల్ గొట్టంలోంచి తోయాలి, బ్రష్ ఆడించాలి, ఆపైన పొడి ముక్కలు ఒకదాని వెనక ఒకటి పంపాలి. ముక్క తెల్లగా వచ్చిందని నేను ఆపేస్తే, ఆయన దాన్ని పేపర్ టవల్ మీద వేసి నొక్కారు. తడి మరక పడింది. “తెల్లగా వస్తే చాలదండి, పొడిగా రావాలి.” నూనె దగ్గర ఇంకా ఘోరం చేశాను. మన చేతికి నూనె దగ్గర పొదుపు తెలియదు కదా, బోల్ట్ మీద ధారగా పోసేశాను.

“కమలా, ఇలా రా! శాంతగారు రైఫిల్‌కి ఆవకాయ పెట్టేస్తున్నారు!”

వంటింట్లోంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. “ఏ పాళ్లలో కలిపారో కనుక్కోండి!”

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగాక ఆయన నెమ్మదిగా చెప్పారు. ఈ రకం రైఫిల్ ఒక తూటా పేలగానే తనంతట తనే ఇంకోటి లోపలికి తెచ్చుకుంటుంది. లోపల మిగిలిన సాల్వెంట్ మసిని కరిగించి, వేసిన నూనెని పలచన చేస్తుంది. ఎక్కువైన నూనె మిషిగన్ చలికి జిగురైపోతుంది. ఆ జిగురులో తూటాని పేల్చే పిన్ను ఇరుక్కుంటే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలవచ్చు. ఒక్క బొట్టు వేలికి తీసుకుని బోల్ట్ మీద రాసి చూపించారు. “మెరవాలి, కారకూడదు.”

అప్పటినుంచి ప్రతి అక్టోబరులో ఆ గరాజ్‌లోనే ఎవరి రైఫిల్ వాళ్లం తుడుచుకుని, చివర్లో ఒకరిది ఒకరం మార్చుకుని చూసేవాళ్లం. నాది ఆయన చూసినంత నిశితంగా ఆయనది నేనూ చూడాలని ఆయన పట్టుదల. ఒక ఏడు అక్టోబరు చివర్లో ఆయన రైఫిల్‌లోంచి నేను పంపిన పొడి ముక్క తడిసి ముద్దయి వచ్చింది. “ఆయ్, తుడిచానండి,” అని ఆయనే ఆశ్చర్యపోయి మళ్లీ తుడిచారు. తర్వాతి శనివారం కూడా అంతే. లెక్కలో ఒకసారి తేడా వస్తే పొరపాటు. అదే చోట మళ్లీ వచ్చిందంటే కారణం ఉంటుంది. ఆ వచ్చే శనివారమే ఆయన కొడుకుతో, స్నేహితులతో అడవికి బయలుదేరాలి.

కమలని వంటింట్లో నిలదీశాను. “పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతున్నారొదినా. పిల్లాడికి చెప్పలేదు. వేట ఒక్కటే మిగిలింది ఆయనకి, దాన్నీ తీసేస్తే మనిషి నిలబడరు,” అంది.

ఆ మాట కాదనలేకపోయాను. కానీ ఆ రైఫిల్ ముందు నడిచేది ఆవిడ కొడుకే. గరాజ్‌లోకి తిరిగి వెళ్లి, ఆ తడి ముక్కని ఆయన అరచేతిలో పెట్టాను.

“ఇది ఎవరు క్లీన్ చేశారు?” అన్నారు.

“మీరే, రాజుగారూ. ఇందాకే.”

“పోయిన వారం?”

“పోయిన వారం కూడా ఇలాగే వచ్చింది.”

ఆయన ముఖం ఎర్రబడింది. “మీకు నేర్పింది నేనండి!”

“అందుకే చెప్పగలుగుతున్నాను.”

ఆ ముక్కని వేళ్లతో నొక్కి చూశారు. తర్వాత చిన్న గొంతుతో అడిగారు. “చాంబర్ చూశానా?”

“ఇవాళ చూశారు. శనివారం చూస్తారో లేదో నేను చెప్పలేను.”

ఆయన మళ్లీ కడ్డీ తీసుకున్నారు. ముక్క తర్వాత ముక్క పంపుతూ, ప్రతిదాన్నీ నాకు చూపించి, పొడిగా వచ్చాకే ఆపారు. ఒక్క బొట్టు నూనె రాశారు. మెరిసింది, కారలేదు. అల్మారాలో పెట్టి తాళం వేసి, కమలని పిలిచి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు. “ఇంక ఇది నాకివ్వకు. నేను అడిగినా సరే.”

అడిగారు. ఆ శనివారం పొద్దున్నే గట్టిగా అరిచి మరీ అడిగారట. కమల ఏడుస్తూనే ఇవ్వలేదు. ఆ చలికాలమంతా ఆయన నాతో మాట్లాడలేదు. వసంతంలో ఒకరోజు వాకిట్లో కనబడి, నా రైఫిల్ పొడిగా ఉందా అని మాత్రం అడిగారు. కొన్నేళ్లకి పోయారు.

డెబ్బై దాటిన నాకు ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో తుడవడం తేలికపనిగా తోస్తుంది. ఇంకొకరు నా తప్పు చెప్పేలా వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవడమే కష్టం. ఇవాళ మా అమ్మాయి లలితని కూర్చోబెట్టుకున్నాను. చివరి ముక్క తనే పంపింది.

“ఇట్స్ డ్రై, అమ్మా.”

“తడిగా వచ్చిన రోజున కూడా ఇలాగే చెప్పాలి. అల్మారా తాళంచెవి ఇకనుంచి నీ దగ్గరే.”

“నువ్వు కోపంగా అరిస్తే?”

“అరుస్తాను. రాజుగారంతటివారే అరిచారు. ఇవ్వకు.”