సుగుణ గారు అడిగిన ఒక్క పరీక్ష

మాత్రల షీటుని కత్తెర కత్తిరించే కరకర చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిన్న రాజమండ్రిలో మా వీధి చివరి మందుల షాపులో నిలబడి ఉన్నాను. నా ముందు యాభై ఏళ్ళావిడ, "గ్యాస్ మాత్రలు ఓ పదివ్వండి, ఎప్పుడూ తీసుకెళ్ళేవే" అంది. షాపతను చీటీ అడగలేదు. ఎన్నేళ్ళుగా వాడుతున్నారని అడగలేదు. కరకరా కత్తిరించి కవర్లో పడేశాడు. ఆవిడ కుడిచేతి వేళ్ళు ఎడమచేత్తో ఒత్తుకుంటూ మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళి ఆపాను. "బీపీకి కూడా మాత్ర వేసుకుంటున్నారాండి? గుండె దడగా ఉంటోందా?" అని అడిగాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. ఆ ప్రశ్నలు నావి కావని, వాటిని నాకు నేర్పిన మనిషి వాటివల్లే ఉద్యోగం పోగొట్టుకుందని ఆవిడకేం తెలుసు!

సుగుణ గారు డెల్టాలో ఒక చిన్న పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ ఇన్‌ఛార్జి. ఆసుపత్రి పేరు చెప్పను. అలాంటివి ఊరికొకటి ఉన్నాయి. సామర్లకోట మనిషి, యాభై దాటిన వయసు, గంజి పెట్టిన నేతచీర, మోచేతుల దాకా మడిచిన తెల్లకోటు. నేను డిప్లొమా పూర్తిచేసి ఆవిడ కింద చేరాను. మొదటి వారంలోనే ఒక రిపోర్టులో పొటాషియం బాగా తక్కువ వస్తే, అంకె కింద గీత గీసి పైకి పంపించేసి, గొప్ప పని చేసినట్టు కూర్చున్నాను. ఆవిడ వచ్చి, "మనిషిని చూశావా?" అని అడిగారు. "టెక్నీషియన్లం కదండీ, మనకెందుకండి?" అన్నాను. "మనకెందుకా? ఆ రక్తం కుళాయిలోంచి పట్టుకొచ్చావా అమ్మాయ్?" అని నా చెయ్యి పట్టుకుని వార్డుకి లాక్కెళ్ళారు. ఆ రోజు నుంచీ నాకు ట్యూబు మీద పేరు చదివితే సరిపోదు, ఆ పేరు గల మనిషి ముఖం చూడకపోతే మనసు ఒప్పుకోదు.

నాగమణి అలాగే మా కంటపడింది. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, కాగితం కన్నా పల్చటి రేకు తీసే పని. నాలుగేళ్ళుగా రేకు తీస్తుండగానే వేళ్ళు కొంకర్లు పోతున్నాయట. పిక్కలు పట్టేస్తున్నాయట. గుండె దడ. వెళ్ళినచోటల్లా ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు టెన్షన్ అన్నారు, ఇంకొకరు ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే అన్నారు. చివరికి కళ్ళు తిరిగి పడిపోతే మా ఆసుపత్రికి తెచ్చారు. ఈసీజీలో గుండె లయ తప్పింది, రక్తంలో పొటాషియం పడిపోయింది. రెండు రోజులు సెలైన్‌లో పొటాషియం ఎక్కించినా అంకె కదల్లేదు.

సుగుణ గారు ఆ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, నన్ను తీసుకుని వార్డుకి వెళ్ళారు. నాగమణి భర్త మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇంట్లో ఏ మాత్రలు వాడుతున్నారు బాబూ? అన్నీ చూపించండి."

ఆయన సంచిలోంచి కవరు తీశాడు. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర ఒకటి. గ్యాస్ మాత్ర ఒకటి.

"ఈ గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళ నుంచండి?"

"అది రోజూ పరగడుపునే వేసుకుంటుందండి. నాలుగేళ్ళయిందేమో. ఓ డాక్టరు గారు రాసిచ్చారండి."

"ఎన్నాళ్ళు వాడమన్నారు?"

"అది చెప్పలేదండి. మేం అడగలేదండి."

వరండాలోకి వచ్చాక ఆవిడ నన్ను పక్కకి లాగారు. "రెండూ కలిసి ఒంట్లో మెగ్నీషియాన్ని ఖాళీ చేస్తాయి అమ్మాయ్. అది లేకపోతే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. గుండె లయ అదుపులో ఉండదు. ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, పుస్తకాల్లో ఉన్నదే!"

డాక్టరు గారి గదిలోకి నేనూ వెళ్ళాను. మెగ్నీషియం పరీక్ష రాయమని సుగుణ గారు అడిగారు. ఆయన చెడ్డవాడు కాడు. బయట అరవైమంది కూర్చుని ఉన్నారు. "మన ల్యాబ్‌లో ఆ పరీక్ష లేదు కదా సుగుణ గారూ, ప్యాకేజీలో కూడా రాదు. ఆవిడ మరీ టెన్షన్ మనిషి. చూద్దాం లెండి" అన్నాడు. విటమిన్ల పరీక్షలు, థైరాయిడ్ పరీక్షలు, అవసరమున్నా లేకపోయినా కట్టగట్టి రాసే చోట, గుండె లయ తప్పిన మనిషికి కావలసిన ఈ ఒక్కటీ లేదు! సుగుణ గారు వాదించలేదు. రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి, తెలిసిన బస్సు కండక్టరు చేతికిచ్చి రాజమండ్రిలో పెద్ద ల్యాబ్‌కి పంపించారు.

మర్నాడు పొద్దున్న పదకొండు గంటలకి నాగమణి గుండె ఆగింది. పై అంతస్తు నుంచి అరుపులు వినిపించాయి. కరెంటు షాకిచ్చి తిరిగి కొట్టుకునేలా చేశారు కానీ, లయ మళ్ళీ మళ్ళీ తప్పుతోంది. అదే సమయానికి రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది. మెగ్నీషియం అడుగంటింది. సుగుణ గారు ఆ అంకెని అరచేతిలో రాసుకుని, మోకాళ్ళ నొప్పుల మనిషి, మెట్లెక్కి పరుగెత్తారు. డాక్టరు గారు ఆ అరచెయ్యి చూశారు. మారు మాట్లాడకుండా మెగ్నీషియం ఎక్కించమన్నారు. గంటలో లయ కుదుటపడింది. మర్నాటికి పొటాషియం దానంతటదే లేచింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు. అయిదో రోజు నాగమణిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మెగ్నీషియం అనే మాటే లేదు. పైగా కింద మందుల వరసలో అవే రెండు మాత్రలు! పాత చీటీ చూసి ఎవరో ఎక్కించేశారు. సుగుణ గారు ఆ కాగితం పట్టుకుని పైకి వెళ్ళారు, డాక్టరు గారు ఊళ్ళో లేరు. మిగిలినవాళ్ళు మాకు తెలీదన్నారు. అప్పుడావిడ రాజమండ్రి రిపోర్టు వెనక పెద్ద అక్షరాలతో రాశారు: "ఈ రెండు మాత్రలూ కలిపి వాడాలో వద్దో డాక్టరు గారిని అడగండి. మీ అంతట మీరు మానొద్దు. నెల తర్వాత మెగ్నీషియం మళ్ళీ చూపించుకోండి." నాగమణి భర్తకి రెండుసార్లు చదివి వినిపించారు. నేను పక్కనే ఉన్నాను.

పది రోజుల తర్వాత ఆ కాగితం ఫోటో మేనేజరు ఫోనులోకి ఎలా చేరిందో చేరింది. ల్యాబ్ మనిషి వైద్యం చెప్పిందని, ఆసుపత్రి పరువు తీసిందని గొడవ. నన్ను పిలిచి, "మాత్రలు మానెయ్యమని చెప్పిందట కదా, నువ్వు విన్నావా?" అన్నాడు. మానొద్దని రాశారండీ, చదువుకోండి అనాలి. "నాకు తెలీదండి. నేను అక్కడ లేను" అన్నాను. ఇంట్లో నా ఒక్కదాని జీతమే. అది కారణమే కానీ, సమాధానం కాదు. ఆ సాయంత్రం సుగుణ గారు తెల్లకోటు మడిచి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. నావైపు చూడలేదు.

ఏడాది తర్వాత ఆవిడ భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ల్యాబ్‌లో ఉన్నారని తెలిసి వెళ్ళాను. రైతులు సీసాల్లో తెచ్చిన చెరువు నీళ్ళు పరీక్ష చేస్తున్నారు. ఒకాయన బండి దిగుతూనే, "మేడం గారూ, నా చెరువులో మెగ్నీషియం ఎంతుందండి? రొయ్యలు నీరసంగా ఉన్నాయండి" అన్నాడు. తక్కువుందని చెప్పగానే మినరల్ బస్తాలకి ఫోను చేసేశాడు. ఆవిడ ఆపి, "మీ ఆవిడకి బీపీ ఉందాండి? ఏం మాత్ర వాడతారు?" అన్నారు. ఆయన నవ్వేసి, "ఏమోనండి, ఏదో తెల్లమాత్ర" అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆవిడ నావైపు తిరిగారు. "చూశావా? రొయ్యకి నీరసమొస్తే కారణం వెతుకుతారు. ఆడదానికి నీరసమొస్తే గ్యాస్ అంటారు. ముప్ఫై ఏళ్ళు మనుషుల రక్తం చూశాను. మెగ్నీషియం చూడండమ్మా అని నన్ను బతిమాలిన మొదటి చోటు ఇదే."

నేను ఏడుస్తూ తప్పయిపోయిందన్నాను. ఆవిడ ఓదార్చలేదు. "నాకెందుకు చెప్తావు? నాకు ఉద్యోగం దొరికింది. ఆ నాగమణి ఎలా ఉందో కనుక్కున్నావా?" అన్నారు.

కనుక్కోలేదు. అక్కణ్ణుంచి తిన్నగా ఆత్రేయపురం వెళ్ళాను. నాగమణి పొయ్యి ముందు కూర్చుని రేకు తీస్తోంది. వేళ్ళు సాఫీగా కదులుతున్నాయి. కాకినాడలో వేరే డాక్టరు గారు రిపోర్టు వెనక రాసింది చదివి మాత్రలు మార్చారట. నేను జరిగిందంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. ఆమె చేతిలో గుడ్డ పిండిలోకి జారిపోయింది.

"నాలుగేళ్ళండి. పని తప్పించుకోడానికి నాటకాలాడుతున్నానని మా అత్తగారు అన్నారండి. నేనూ అదే నిజమనుకున్నానండి. చచ్చి బతికాను. చెప్పిన ఒక్కావిడనీ తీసేశారా? మీరు చూస్తూ ఊరుకున్నారా?"

ఆమె నన్ను కూర్చోమనలేదు.

సుగుణ గారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నేనొక ల్యాబ్‌కి ఇన్‌ఛార్జిని. మెగ్నీషియం పరీక్ష ఎవరూ రాయడం లేదు, తీసేద్దామని యాజమాన్యం ప్రతి ఏడూ అంటుంది. ప్రతి ఏడూ పోట్లాడి ఉంచుతున్నాను. నీటి మాత్ర వాడేవాళ్ళకి పొటాషియం తక్కువ వస్తే నేనే డాక్టర్లకి ఫోను చేసి అడుగుతాను. కొందరు వింటారు. కొందరు విసుక్కుంటారు. నీకింత కోపమెందుకని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. తగ్గించుకోమంటారు. తగ్గించుకోను. "మీరు చూస్తూ ఊరుకున్నారా?" అని నాగమణి అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ దానికి జవాబు వెతకడం లేదు. ఇంకెవరూ నన్ను ఆ మాట అడగాల్సిన అవసరం రాకుండా చూసుకుంటున్నాను, అంతే.