హియెరోనిమ్ పక్కలో కాష గిన్నె

బిల్గొరాయ్ అనే ఊళ్లో ఒక ఫిబ్రవరి ఆదివారం, పట్టపగలు, లెయోకాదియా మజియాష్ కట్టుకున్న మొగుణ్ణి మంచం మీంచి దించేసి, అదే మంచంలో, అదే ఈకల బొంత కింద ఇంకొకర్ని పడుకోబెట్టింది. జనం చర్చి నుంచి ఇళ్లకు బయలుదేరే వేళ అది. కనీసం కిటికీ తెరైనా లాగలేదు. ఆ ఇంకొకరు నల్లగా, గుండ్రంగా ఉంటారనీ, ఇద్దరు మోస్తే గానీ కదలరనీ, మంచం కోడు ఆ రోజే విరిగిందనీ రిటైరైన మంగలి క్సావెరి ఇప్పటికీ చెబుతుంటాడు. చెప్పినప్పుడల్లా బరువు కాస్త పెరుగుతుంది.

మార్కెట్ వెనక సందులో లెయోకాదియాకు చిన్న హోటలుంది. అందులో గ్రిక అనే ముక్కోణపు గోధుమరంగు గింజ పడని పదార్థం టీ ఒక్కటే. గ్రిక సూప్, గ్రిక కూరిన క్యాబేజీ చుట్టలు, గ్రిక పిండి అట్లు, వీటన్నిటినీ మించింది పిరూగ్ అనే కాల్చిన రొట్టె. గ్రిక గింజల్ని ఉడికిస్తే వచ్చే కాషలో బంగాళాదుంప, పాలవిరుగుడు, పుదీనా కలిపి, పెద్ద పళ్లెంలో పెట్టి, పైన ఎర్రగా పెచ్చు కట్టేదాకా కాలుస్తారు. ఆ ముక్క తిన్న ఒక లారీ డ్రైవరు వార్సా దారి మరిచిపోయి ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడంటారు. పెళ్లి మాత్రం నిజం.

అయితే హోటలు మొదట్నుంచీ ఆవిడది కాదు, అపొలోనియా వ్నుక్ అనే పెద్దావిడది. అల్లిక మిల్లులో పని పోయాక లెయోకాదియా పళ్లేలు కడగడానికి అక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలోనే గిన్నెడు కాష మాడబెట్టింది. ఇక గెంటేస్తారని ఏప్రన్ విప్పి చేతిలో పట్టుకు నిలబడితే, అపొలోనియా ఆ మాడు గిన్నె తనే కూర్చుని గోకింది. గోకడం అయ్యాక, "రేపు కాస్త ముందు రా, మంట ఎలా చూసుకోవాలో చెబుతా" అంది. మెట్లెక్కనని తన మోకాళ్లు మొరాయించిన ఏడాది, అపొలోనియా హోటలు తాళాలు తెచ్చి లెయోకాదియా ఏప్రన్ జేబులో వేసింది, ఏదో చిల్లర వేసినట్టు.

ఈ మంచం గొడవ జరిగిన చలికాలం అపొలోనియాకు న్యుమోనియా వచ్చి తగ్గింది గానీ, నాలుక మాత్రం తిరిగి రాలేదు. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉందనేది. మర్నాడు సోమవారం కూతురు వచ్చి ఆవిణ్ణి దేశానికి ఆ చివరనున్న షెచెచిన్‌కు తీసుకుపోతోంది. ఆదివారం భోజనం ఇక్కడే. లెయోకాదియాకు కృతజ్ఞత నోటితో చెప్పడం చేతకాదు. అందుకని పిరూగ్‌తో చెబుదామనుకుంది. అమ్మగారు ఒక్క ముక్కైనా రుచి తెలిసి తింటే చాలు, ఆ మాట అందినట్టే.

సరిగ్గా పిరూగ్ సగం కాలాక ఓవెన్ చచ్చింది. బయట పెచ్చు లేదు, లోపల పచ్చి. ఆదివారం పూట మెకానిక్ ఫోనెత్తడు. ఇరుగుపొరుగు ఓవెన్లన్నిటిలో కేకులు.

క్సావెరి వంటింట్లోకి తల పెట్టాడు. "ఏంటమ్మా లెయోకాదియా, వాసనే రావట్లేదు? గ్రిక గింజలు సమ్మె చేస్తున్నాయా?"

"ఓవెన్ పోయింది క్సావెరి గారూ."

"నా దగ్గర జుట్టారబెట్టే మిషనుంది, పట్రానా?"

"మీరు ముందు వెళ్లి అమ్మగార్ని కారెక్కించుకు రండి. మెల్లగా. ఊరంతా ఓ చుట్టు తిప్పి మరీ రండి."

"మెల్లగా నడపడమంటే నా కారుకు చెప్పాలా! దానికి ఇంకో రకం నడక రాదు."

అతను వెళ్లాక లెయోకాదియాకు చిన్నప్పుడు అమ్మ కాష గిన్నెను వెచ్చటి పక్కలో పెట్టి మగ్గబెట్టడం గుర్తొచ్చింది. పొయ్యి మీద గ్రిక గింజలు నీళ్లు పీల్చుకునేదాకా ఉడికించింది. ఇక మంట మీద ఉంచితే అడుగు మాడుతుంది, ఆ పాఠం ఆవిడకు ఒకసారి చాలు. మూత బిగించి, గిన్నెకు పాత పేపర్లు చుట్టి, పైన కంబళి చుట్టి, పసిబిడ్డనెత్తుకున్నట్టు మేడమీదికి తీసుకుపోయింది. మంచం మీద మొగుడు హియెరోనిమ్. రంపపు మిల్లులో రాత్రి కాపలా దిగి వచ్చి గుర్రు పెడుతున్నాడు.

"హిరెక్, జరుగు."

"ఊఁ."

"పక్కన వేడి గిన్నె పెడుతున్నా. అమ్మగారికి. తన్నావంటే ఊరుకోను."

"ఊఁ."

ఆ ఊఁలకు అర్థమేమిటో పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడకు తేలలేదు. నిద్రలో ఆయన తన్నే తన్నులకు ఒకసారి గోడ సున్నం రాలింది. బొంత గిన్నె మీదికి లాగి, చుట్టూ దోపి, దేవుడిమీద భారం వేసి కిందికి దిగింది.

అపొలోనియా వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. కోటు విప్పలేదు. "ఊరికే శ్రమపడకే. ఏం పెట్టినా నాకు ఒకటే ఇప్పుడు" అంది. లెయోకాదియా చెవులు పైకప్పు మీదే ఉన్నాయి. అంతలో పైన ధన్‌మని చప్పుడు.

మెట్లు ఎలా ఎక్కిందో లెయోకాదియాకే తెలియదు. మంచం మీద గిన్నె నిటారుగా ఉంది. దాని మీద బొంత, బొంత మీద రెండు దిండ్లు, వాటి మీద హియెరోనిమ్ కోటు, కోటు మీద ఆయన టోపీ. ఆయన మాత్రం నేల మీద, చాప లాంటి రగ్గు చుట్టుకుని, పళ్లు టకటకలాడిస్తూ పడుకున్నాడు.

"పడ్డావా?"

"దూకా. కాలు ఊరుకోనంటోంది, తంతానేమోనని భయమేసింది." ఆవిడ చెయ్యి బొంత మీదికి పోవడం చూసి కసిరాడు. "తియ్యకే! ఇంకాస్సేపు ఉండాలి. మా అమ్మయితే చెయ్యి విరగ్గొట్టేది."

ఆవిడ వంగి ఆయన టోపీ తీసి ఆయన తలకే పెట్టింది.

కాసేపటికి గిన్నెను కిందికి తెచ్చి మూత తీస్తే కాష పలుకు పలుకు విడిపోయి ఉంది. ఆవిరికి కిటికీ అద్దాలన్నీ మసకబారాయి. గిన్నెల్లో వడ్డించి, కరకరలాడే పంది కొవ్వు ముక్కలు పైన చల్లి, పక్కన కప్పులో తోడుకున్న పాలు పెట్టింది. అపొలోనియా చెంచా ఎత్తి, నోటిదాకా తెచ్చి, ఆగింది. వాసన చూసింది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"పక్కలో పెట్టావు కదే?"

"ఓవెన్ పోయిందమ్మగారూ. పిరూగ్ చేద్దామనే..."

"పిరూగ్ ఎవడిక్కావాలి!" పెద్దావిడ కోటు బొత్తాలు విప్పడం మొదలెట్టింది. "మా అమ్మ నన్ను లేపి, నేను పడుకున్న వెచ్చటి చోట గిన్నె పెట్టేది. ఓవెన్ కొన్నాక నేనే ఈ సంగతి మరిచిపోయా. ఉప్పు తక్కువైంది చూడు."

ఉప్పు తక్కువైందన్న ఆ మాట కోసమే లెయోకాదియా పొద్దుట్నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. అట్టముక్కకు ఉప్పు తక్కువవడం ఉండదు కదా.

"అమ్మగారూ, ఆ రోజు మీరు ఆ మాడు గిన్నె..." అని లెయోకాదియా బల్ల మీద లేని మరకను తుడవసాగింది.

"కూర్చో" అంది అపొలోనియా, కాలితో కుర్చీ జరిపి. "నువ్విక్కడ కూర్చుని తినగా నేనెప్పుడూ చూళ్లేదు."

తన హోటల్లో తను బల్ల దగ్గర కూర్చోవడం లెయోకాదియాకు అదే మొదలు. హియెరోనిమ్ పైజామా మీద కోటేసుకుని వచ్చి మిగతా బల్లలకు వడ్డించాడు. అపొలోనియా రెండోసారి గిన్నె చాచింది. కాష వేస్తున్న లెయోకాదియా మణికట్టును పట్టుకుని, తినడం అయ్యేదాకా వదలలేదు. ఎడమచేత్తోనే తింది.

ఈ కథ క్సావెరి కొత్తగా వచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. మొన్న కూడా, మొగుణ్ణి జుట్టు పట్టుకుని దించిందనీ, ఆయన మీసాలకు మంచు పట్టిందనీ బల్ల గుద్ది చెబుతుంటే, లెయోకాదియా పళ్లేలు ఎత్తుతూ అంది:

"నేను దించలేదు. ఆయనే దిగాడు. మీసాలు ఆయనకెప్పుడూ లేవు."