అత్త ఊడ్చిన ఆకు

భూమిని కోర మీద ఎత్తి నిలిపిన వరాహస్వామికి జయం. ఒంటికి బురద అంటిందని వెనకాడని దేవుడాయన. వానై దిగేదీ, వేరై పట్టేదీ, కంటికి ఆనని జీవమై మట్టిలో పాటుపడేదీ ఆయనే. ఆయన్ని తలవకుండా ఈ మాట మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళితే మా ఊరు. ఊరి వెనక చరియ మీద స్వామి గుడి, గుడికి పైన పాత అడవి. గుడి దిగువన బోడిగా పడున్న చరియలో మా భజన గోష్ఠి వాళ్ళం కానుగ, దిరిసెన, వేగిస మొక్కలు నాటాం. అది స్వామి తోట గనక కొట్లో కొన్న ఎరువు వెయ్యకూడదని సంకల్పం చెప్పుకున్నాం. ఆ జాతి చెట్లు గాలిలోని నత్రజనిని వేళ్ళతోనే పట్టుకుంటాయంటారు. ఇక లోటేముంటుందనుకున్నాం.

మొక్కలు చావలేదు. పెరగనూ లేదు. ఆకులు పసుపు తిరిగాయి. ఈ వానాకాలం వెళ్ళేలోగా చరియ పచ్చబడకపోతే గ్రావెల్ తవ్వకానికి ఇచ్చేస్తామని పంచాయతీలో తేల్చి చెప్పారు. చరియ తవ్వితే దాని ఊట మీద పారే వాగు, మా గెడ్డ, ఎండిపోతుంది. గెడ్డ నీళ్ళు ముందుగా తాగేది మా మేనత్త మడి. ఒంటరి మనిషి. ఆమె ఏడాది తిండి ఆ మడిలోనే పండాలి. అప్పట్నించి హారతి పళ్ళెం పట్టుకున్నా నా కళ్ళు గుడి మీద నిలవక చరియ మీదికే పోయేవి.

అడవుల చదువు చదువుతున్న మా మేనకోడలు సెలవులకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే చరియ ఎక్కి, ఒక కానుగ మొక్క పక్కన మట్టి మెల్లగా తవ్వి, వేరు చూపించింది. వేరుకి ఆవగింజల్లాంటి బుడిపెలు అక్కడొకటి, ఇక్కడొకటి. గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉన్నాయి.

"ఎర్రగా ఉండాల మావయ్యా. ఇవి పని సెయ్యట్లేదు."

"గాలికి కరువొచ్చిందేటే?"

"గాలి ఉన్నాది. ఈ బుడిపెల్లో ఉండి గాలిని పట్టే జీవాలకి తిండి లేదు. భాస్వరం లేకపోతే బుడిపె కట్టదు. ఈ ఎర్రమట్టిలో ఉన్న కాస్తా మట్టే పట్టుకుని వదల్దు. పై అడవిలో ఆకు రాలి, అక్కడే కుళ్ళి, మళ్ళీ వేరుకి దిగుతాది. మరి ఇక్కడ ఆకేదీ?"

ఆ ఆకు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. శనివారం శనివారం భజనకి ముందు అత్త ఈ చరియంతా స్వామి వాకిలిలా ఊడుస్తుంది. ఓపికున్నన్నాళ్ళూ ఊడుస్తానని ఆమె మొక్కు. ఆ వెనకే మేమందరం కీర్తన పాడుతూ మొక్కలు రాల్చిన ఆకూ, గాలికి పై అడవి నించి వచ్చిపడ్డ ఆకూ ఎత్తి, కొండ కింద గోతిలో వేస్తాం. కుళ్ళాక అది గత్తమై, ఎరువుగా మా నారుమళ్ళకి పోతుంది. స్వామి తోట బలమంతా మేమే కిందికి దింపేశాం.

అత్తతో ఎలా చెప్పను? ఆమె సేవే ఆమె మడికి ముప్పని చెప్పాలి. ఆమె నమ్మకం విరిగిపోతే? చెప్పకపోతే చరియే పోతుంది. చివరికి శనివారం ఆమె చీపురు తీసే వేళ మేనకోడల్ని వెంటబెట్టుకు వెళ్ళి చెప్పాను.

అత్త చీపురు దించలేదు. "అయితే సామిని సెత్తలో కూకోబెడతారేట్రా?"

"అడవి ఎవులు ఊడుస్తన్నారు, అమ్మమ్మా?" అంది మేనకోడలు.

"నోరు సూడు దీనిది! నీ ఈడుకి నేను కొండ మీద కట్టెలు కొట్టీదాన్నే." అని పై అడవి వైపు చూసింది. "మొక్కు మొక్కే. మాననురా. కిందికి ఊడిస్తే తప్పంటన్నావు. మొక్కల మొదలుకే ఊడుస్తాను. గుడి మెట్లు మాత్రం ఎవులేటన్నా తుడిసేస్తాను."

కొత్త ఆకు కుళ్ళేదాకా ఆగే వ్యవధి లేదు. గోతిలో మాగిన గత్తాన్ని పైకి మొయ్యాలని మేనకోడలు అంది. నారుమళ్ళ మాటేమిటని గోష్ఠిలో గొణిగారు. అత్త తట్ట నింపి నెత్తికెత్తుకుంది. ఆమె ఎక్కుతుంటే కింద నిలబడటానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

నిన్న మళ్ళీ ఒక వేరు చూశాను. బుడిపెలు కొంచెం పెరిగాయి. ఒకటి చీల్చాను. లోపల ఎరుపో, నా కంటి ఆశో తెలియలేదు. రెండోది చీల్చడానికి చెయ్యి రాలేదు. వాన ముఖం చాటేసింది. పంచాయతీ వాళ్ళు వానలు వెళ్ళగానే వస్తారు.

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట దీపం పెట్టేటప్పుడు మాతో కలిసి ఒక్క మాట అడగండి: భూమిని ఎత్తినవాడా, ఈ పిడికెడు చరియని జారనివ్వకు. మా అత్త మడికి నీళ్ళు ఆగనివ్వకు.