మనది నాలుగు సెంటీమీటర్లు

మొన్న ఆదివారం అశోక్‌నగర్‌లో చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. కాలేజీ జట్టులో గోల్‌కీపర్‌గా ఎంపికైన వాళ్ల మనవరాలు, తాత ఆడుతున్న ఫోటో ఒక్కటైనా కావాలని పట్టుబట్టిందట. "ఆ ఫైలు సంగతి నీకే ఎరుక. జర దించు బిడ్డా," అంది చిన్నమ్మ. చిన్నాయన పోయి చాలా ఏళ్లయినా ఆయన పేపరు కత్తిరింపుల ఫైలు అటక మీద, పాత దుప్పట్ల మూట కింద, చెక్కుచెదరకుండా ఉంది.

చిన్నాయన చిక్కడపల్లిలోని ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపరు. నారాయణగూడ క్లబ్బు మాకు ప్రత్యర్థి. ఇంటికొచ్చే పత్రిక వాళ్లకే కొమ్ము కాస్తుందని ఆయన గట్టి నమ్మకం. వాళ్లు గెలిస్తే ప్రతిభ అనీ, మేము గెలిస్తే వాళ్ల దురదృష్టం అనీ రాసేది మరి. పొద్దున పేపరు విప్పగానే చాయ్ చల్లారిపోయేది. "గెలిచింది మనం, ఫోటో వాళ్లది! ఇదేం ఇన్సాఫ్ రా?" అనేవారు. నేనప్పుడు పాలిటెక్నిక్ విద్యార్థిని. కోపానికైనా కొలత ఉండాలని కొత్తగా నేర్చుకున్నవాణ్ణి. "ఉత్త మాటలెందుకు చిన్నాయనా, స్కేలు పెట్టి కొలుద్దాం," అన్నాను. పద్ధతి కూడా నేనే రూపొందించాను. వాళ్ల వార్తను కత్తిరించి తెల్లకాగితం మీద అంటించాలి. అంచున మా వార్త పొడవును పెన్సిలుతో నమోదు చేయాలి. మా వార్తను దాచనక్కరలేదు, అంకె చాలునని నిర్ణయించిందీ నేనే. మిగిలిన పేజీలు పాతపేపర్ల వాడికి పోయేవి. రెండు సీజన్లు కొలిచి ఎడిటరు గారికి చూపించాం. ఆయన ఓపికగా ఫైలంతా తిరగేసి, "శానా కష్టపడ్డరు," అని చాయ్ తాగించి పంపారు.

మనవరాలు ఒక్కో కాగితమే తిప్పింది. "మామా, అందరూ వాళ్లే ఉన్నరు. తాత ఏడి?"

చివరి కాగితం ఫైనల్ మ్యాచ్‌ది. ఆ రోజు చిన్నాయన రెండు పెనాల్టీలు ఆపి మమ్మల్ని గెలిపించారు. ఎడమవైపుకు ఎగిరి బంతిని వేళ్లతో నెట్టేస్తున్న ఆయన ఫోటో చిన్నదిగా పడింది. కొలిచినవాణ్ణి కనుక నాకు బాగా గుర్తు. కాగితం మీద మాత్రం తల వంచుకున్న వాళ్ల కెప్టెన్ పెద్ద ఫోటో, అంచున నా చేతిరాత: 'మనది: నాలుగు సెం.మీ.'

"ఇదే మీ తాత," అన్నాను ఆ అంకె మీద వేలు పెట్టి. ఆ పిల్ల నవ్వలేదు. ఆ పెన్సిలు రాతను ఫోనులో ఫోటో తీసుకుంది.

పత్రిక పక్షపాతం నిజమే. ఆ కొలత తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ పత్రికైనా చిన్నాయనకు నాలుగు సెంటీమీటర్ల చోటిచ్చింది, నేను అదీ ఇవ్వలేదు. ఇన్నేళ్లూ కాలం నేను కత్తిరించి ఇచ్చినదాన్నే భద్రంగా దాచిపెట్టింది.