మూల మడిచిన చీటీ

వర్నెల్ టిబ్స్‌కు మనుషుల కంటే వాళ్ళ చేతిరాతలే బాగా తెలుసు. తొమ్మిదో తరగతి మధ్యలో నాయనమ్మకు పక్షవాతం వస్తే బడి మానేసింది. ఆమె పోయాక గుడ్ హోప్ రోడ్డు మీద బట్టలుతికే కొట్లో చేరింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోట్లకూ గౌన్లకూ పేర్ల చీటీలు గుచ్చడమే పని. ఎంత గజిబిజి రాతైనా ఇట్టే చదివేసేది. ఎదుటి మనిషి మొహం చూసి పేరేంటని అడగాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

పాప్ గ్రీన్‌లీ తన కోటు కోసం వచ్చినప్పుడు ఆ చదవడం చూశాడు. ఆ ఆదివారమే ఆమెను తీసుకెళ్ళి తన బృందం వాయించే హాల్లో వేదిక పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు.

పాప్ బృందం పేరు రివర్‌సైడ్ ఇంజిన్. అప్పటికి పదేళ్ళుగా ఫంక్ అనే గంతులేయించే సంగీతం వాయిస్తున్నారు. మొదట్లో వాళ్ళూ అందరిలాగే పాట అవగానే ఆపేవాళ్ళు. ఆపినప్పుడల్లా జనం చెమట తుడుచుకుంటూ గోడల వైపు పోయేవాళ్ళు. పోయినవాళ్ళలో సగం మంది తిరిగొచ్చేవాళ్ళు కాదు. ఒకసారి గిటారు తీగ తెగింది. దాన్ని మార్చేదాకా డోళ్ళు వాయించే థర్మన్ తన కాంగాల మీద చేతులు ఆపలేదు. జనం ఉన్నచోటి నుంచి కదల్లేదు. అంతే, ఆ రోజు నుంచి పాటకూ పాటకూ మధ్య డోళ్ళు ఆగలేదు. ఆ సందులో పాప్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళ వీధుల పేర్లు పిలిచేవాడు. ఊళ్ళో నదికి ఇవతలి పేటల్లో ఈ వాయింపును గో-గో అనేవాళ్ళు. దాన్ని టేపులకెక్కించేవాళ్ళు. మంగళవారానికల్లా ఆ టేపు ప్రతి కారులోనూ, ప్రతి అరుగు మీదా మోగేది.

జనం చీటీల మీద పేర్లు రాసి వర్నెల్‌కు అందించేవాళ్ళు. ఆమె గజిబిజి రాతలను తిరగరాసి, రెండు కట్టలు చేసి పాప్‌కు అందించేది. మామూలు చీటీలు బతికున్నవాళ్ళవి. ఆ వారం ఎవరైనా పోతే చీటీ మూల మడిచి ఇవ్వడం ఆనవాయితీ. ఆ పేర్లు చివర్లో వచ్చేవి. అప్పుడు థర్మన్ చేతులు నెమ్మదించేవి, చిన్న గంటొక్కటే మోగేది. ఎవరూ కేక వేయరు. ఒక చెయ్యి పైకెత్తి ఊరుకుంటారు.

ఆ పీట మీద వర్నెల్ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అయినా హాలంతా ఆమెను ఎరుగును. వారమంతా ఆమె ఎదురుచూసేది దానికోసమే.

డెబ్బై తొమ్మిది ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం లవీనియా మీక్స్ చీటీ ఇచ్చింది. లవీనియా తమ్ముడు రోస్కో ఇంటికప్పులకు తారు పూసే పని చేసేవాడు. నిచ్చెన జారి కాలు విరిగి ఇంట్లో పడున్నాడు. టేపులో తన పేరు వినాలని వాడి ఆశ. లవీనియా గౌనుకు జేబు లేదు. చీటీని బూటులో పెట్టుకుని రెండు పాటలకు గంతులేసింది. వర్నెల్ చేతికి వచ్చేసరికి దాని మూల గట్టిగా మడతపడి ఉంది.

వర్నెల్ తలెత్తి చూసింది. లవీనియా కళ్ళ కింద తడి ఉంది. అది కన్నీరో చెమటో అడగాలంటే డోళ్ళను మించి అరవాలి. వర్నెల్ అడగలేదు. చీటీని రెండో కట్టలో పెట్టింది.

"వ్యాలీ అవెన్యూ రోస్కో మీక్స్," అన్నాడు పాప్, గొంతు తగ్గించి. "హాయిగా పడుకో, తమ్ముడూ."

హాలంతా చేతులు లేచాయి. లవీనియా "కాదు! కాదు!" అని అరిచింది. పక్కనున్న ఇద్దరు పెద్దామెలు వచ్చి ఆమెను వాటేసుకున్నారు.

"ఏడువమ్మా, ఏడువు. లోపల దాచుకోకు."

"వాడు బతికే ఉన్నాడే!"

"ఉంటాడమ్మా, మన గుండెల్లో ఎప్పటికీ ఉంటాడు."

మంగళవారం సాయంత్రానికి, టేపు విన్నవాళ్ళ నుంచి మీక్స్ ఇంటికి పరామర్శగా మూడు కేకులు, ఉడికించిన పంది తొడ ఒకటి వచ్చాయి. చిలగడదుంప తీపిరొట్టె పట్టుకొచ్చిన పొరుగామెకు, కాలికి కట్టుతో రోస్కోనే తలుపు తీశాడు. రొట్టె నేలపాలైంది.

బుధవారం పాప్, థర్మన్ బట్టలుతికే కొట్టుకొచ్చారు.

"వాడికేం బాధ లేదులే," అన్నాడు థర్మన్ బల్ల మీదికి వాలి. "బతికున్నాడని తెలిస్తే కేకులు ఆగిపోతాయనే వాడి దిగులు."

పాప్ నవ్వలేదు. "అమ్మాయ్, అడగాల్సింది కదా."

"డోళ్ళ చప్పుడులో..." అంది వర్నెల్, చేతిలో పిన్నుల డబ్బా వైపు చూస్తూ.

"డోళ్ళు ప్రతి ఆదివారమూ ఉంటాయి. నువ్వు అడగలేకపోతే, అడగగలిగినవాళ్ళు ఆ పీట మీద కూర్చోవాలి. మైకులో చంపాం కనుక మైకులోనే బతికించాలి. నేను పలకను. నువ్వే పలకాలి. పలికావా, పీట నీది."

మిగిలిన మూడు రోజులూ వర్నెల్ కొక్కేలకు వేలాడే కోట్లకు చెప్పి చూసుకుంది: రోస్కో మీక్స్ బతికే ఉన్నాడు, పొరపాటు నాది. కోట్ల ముందు మాట బాగానే వచ్చింది.

ఆదివారం రోస్కో తెల్ల సూటు వేసుకుని చంకకర్రల మీద వచ్చాడు. "దెయ్యానికి కుర్చీ వెయ్యండర్రా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మొదటి పాట అయింది. డోళ్ళు సాగుతున్నాయి. పాప్ మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. వర్నెల్ లేచి నిలబడింది. థర్మన్ ఆమె వంక చూస్తూ అదే వరసను మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు. ఆపడు, తొందరపెట్టడు. కోట్లకు చెప్పిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు. వారం కిందట అడగలేకపోయిన మాటే బయటికొచ్చింది.

"రోస్కో మీక్స్... ఉన్నాడా?"

"ఉన్నాడు!" లవీనియా గొంతు అందరికంటే పైన వినపడింది.

రోస్కో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "వినపళ్ళేదమ్మా! చచ్చినోణ్ణి కదా, చెవులు పనిచెయ్యవు!"

హాలు గొల్లుమంది. వర్నెల్ మళ్ళీ అడిగింది. ఈసారి మాట సరిగ్గా డోలు దెబ్బ మీద పడింది.

"రోస్కో మీక్స్ ఉన్నాడా?"

"ఉన్నాడు!" అంది హాలంతా. థర్మన్ దానికి రెండు దెబ్బలు కలిపాడు.

ఆమె మైకు ఇవ్వబోతే పాప్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వర్నెల్ కట్టలోంచి పై చీటీ తీసింది. "డెల్ఫీన్ రూక్స్ ఉందా?" "ఉంది!" ఆ కట్ట అయ్యేదాకా అలాగే అడిగింది. మడత చీటీలు మాత్రం పాప్‌కే ఇచ్చింది.

వేసవి వచ్చేసరికి చుట్టుపక్కల కుర్ర బృందాలు కూడా పేరు పిలవడం మాని పేరు అడగడం మొదలుపెట్టాయి. ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందని వాళ్ళను అడిగితే, ఎప్పటినుంచో ఉన్నదే అనేవాళ్ళు. అది తన నోటినుంచే వచ్చిందని వర్నెల్ ఎవరికీ చెప్పలేదు. బట్టలుతికే కొట్టు మారింది, హాలు రెండుసార్లు మారింది, పీట అదే. చీటీ ఇచ్చేవాళ్ళను ఇప్పుడు ఆమె తల వంచుకునే అయినా, ఆ పేరుగల మనిషి ఉన్నాడా అని ఒక మాట అడిగేది. మూల మడిచినా, మడవకపోయినా.

రోస్కో ప్రతి ఆదివారమూ తన పేరే మొదట అడగాలని పట్టుబట్టేవాడు. పదిహేనేళ్ళు అలాగే సాగింది. తొంభై నాలుగు నవంబరులో లవీనియా ఒక చీటీ తెచ్చింది. గౌనుకు జేబు ఉంది. చీటీ జేబులోంచే తీసింది. దాని మూల గోటితో గీసినట్టు నీటుగా మడిచి ఉంది.

వర్నెల్ పేరు చదివింది. తలెత్తి లవీనియా కళ్ళలోకి చూసింది. డోళ్ళు మోగుతున్నాయి. ఆమె చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఉన్నాడా?"

"లేడే," అంది లవీనియా.

వర్నెల్ ఆ చీటీని రెండో కట్టలో అడుగున పెట్టి, తర్వాతి మనిషి వైపు చెయ్యి చాచింది.