రెండు సైన్యాల సిపాయి

మొన్న మా రెజైనాలో ఒక గృహప్రవేశానికి వెళితే, భోజనాల దగ్గర ఒక రిటైర్డ్ డాక్టరు గారు మా ఆయన్ని చూపించి, “ఏమ్మా, ఆర్మీలో కూడా ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా? ఇండియా నుంచి కెనడాకి ఎలా వేశారు?” అని అడిగారు. బ్యాంకు వాళ్ళకి వేసినట్టు ఎవరూ వేయలేదు. మా ఆయన అక్కడ హవల్దారుగా, కొత్తవాళ్ళకు డ్రిల్ నేర్పే ఉస్తాదుగా పనిచేసి రిటైరయ్యారు. నా నర్సు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక ఒక గోడౌన్‌లో చేరారు. పెట్టెలు సర్దుతూ సర్దుతూ మనిషి మాట తగ్గిపోయింది. పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, ఉన్నవాళ్ళని కూడా తీసుకుంటున్నారని తెలిసి, నాకు చెప్పకుండానే ఇక్కడి పార్ట్‌టైం సైన్యం, ఆర్మీ రిజర్వ్‌కి అప్లై చేశారు. మళ్ళీ సిపాయి నుంచి మొదలు.

మొదటి చిక్కు సెల్యూట్‌తో వచ్చింది. అక్కడ అరచెయ్యి ఎదుటివాడికి కనబడాలి, ఇక్కడ కనబడకూడదు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి తిరిగితేగా. వంటింట్లో నేను దోసెలు వేస్తూ అట్లకాడతో ఆయన అరచెయ్యి కిందికి నొక్కేదాన్ని. మా అమ్మాయి చూసి, “డాడ్, యూ లుక్ లైక్ ఎ ట్రాఫిక్ కాప్,” అనేది. రెండో చిక్కు శిక్షణ ఇచ్చే సార్జెంటు. ఆవిడకి మా అమ్మాయి వయసే ఉంటుంది, ప్రతి మాటకీ ప్లీజ్ అంటుంది. “అది ఆర్డరో, పేరంటానికి పిలుపో తెలీట్లేదే,” అని ఈయన వాపోయేవారు. ఒకసారి మానేస్తానని కూడా అన్నారు. నేను దోసె తిప్పుతూ, “మీ ఇష్టం. గోడౌన్ ఎక్కడికీ పోదు,” అన్నాను. మర్నాడు నాకంటే ముందే లేచి బూట్లు పాలిష్ చేసుకున్నారు.

శిక్షణ ముగింపు పరేడ్‌కి మమ్మల్ని రమ్మన్నారు. మేం కాస్త ముందే వెళ్ళి హాల్లో కూర్చున్నాం. ఇంకా రిహార్సల్ నడుస్తోంది. చలికి సార్జెంటు గొంతు పూర్తిగా పూడుకుపోయి, మాట పెగలడం లేదు. ఆవిడ ఈయన దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పింది, ప్లీజ్‌తో సహా అయి ఉంటుంది. ఈయన ముందుకు నడిచారు, ఛాతీ నిండా గాలి పీల్చారు. ఇంగ్లీషులో “అటెన్షన్” అని రావలసిన మాట కాస్తా “సావ్‌ధాన్” అని వచ్చేసింది.

హాలంతా ఒక్కటే బూటు చప్పుడు. ఒక్కరికీ అర్థం తెలియదు, ఒక్కరూ తప్పలేదు. మా పక్కన కాఫీ తాగుతున్న ముసలాయన కూడా లేచి నిలబడ్డాడు. సార్జెంటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు లేకుండా నవ్వింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, మెడ మాత్రం వంచలేదు.

నేనూ నిలబడే ఉన్నానని మా అమ్మాయి చెయ్యి పట్టి లాగేదాకా తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో ఆర్మీ క్వార్టర్స్ కిటికీలోంచి, టీ మరిగే వేళకు, మైదానం మీదుగా వినబడిన గొంతు అది. దాటి వచ్చేశామనుకున్న ఏళ్ళు ఎక్కడికీ పోవు కాబోలు, మనిషి లోపలే వరసలో నిలబడి పిలుపు కోసం చూస్తుంటాయి.